బాలానగర్‌లో బిగించిన వించ్, చేవెళ్ల రేగడిలో బయటపడ్డ లోపం

నా 2021 మోడల్ డీజిల్ థార్‌కు ముందు భాగంలో ఎలక్ట్రిక్ వించ్ (దిగబడిన బండిని తాడుతో బయటికి లాగే యంత్రం) బిగించి పదకొండు నెలలు దాటింది. ఇంతకాలంలో దానితో నిజంగా పని పడింది ఏడుసార్లు. మొదటిసారే అది సగం లాగి మొరాయించింది. తీరా కారణం వెతికితే వించ్‌లో ఏ లోపమూ కనిపించలేదు, బిగించిన తీరులో కనిపించింది. అందువల్ల ఈ సమీక్షలో పెట్టె మీద అచ్చువేసిన అంకెల కంటే, హైదరాబాద్‌లోని ఒక వర్క్‌షాపు దాన్ని నా బండికి ఎలా అమర్చింది, ఎక్కడ శ్రద్ధ చూపింది, ఎక్కడ చేతులు దులుపుకుంది అన్న సంగతులే ఎక్కువగా ఉంటాయి. వర్క్‌షాపు పేరు చెప్పడం లేదు. తప్పు చేసినవారే దాన్ని సరిదిద్దారు కనుక పేరు పెట్టి రచ్చకెక్కించడం నాకు న్యాయంగా తోచలేదు.

నగరం నుంచి సెలవు రోజుల్లో ఇలాంటి బండ్లు వేసుకుని బయలుదేరేవారిలో చాలామంది అప్పా జంక్షన్ దాటి, చేవెళ్ల మీదుగా అనంతగిరికో కోట్‌పల్లి ప్రాజెక్టుకో వెళతారు. అనంతగిరి గుట్టల మీది ఎర్రనేల గట్టిది, వాన వెలిసిన కొద్దిసేపటికే నీటిని ఇంకించుకుంటుంది. చిక్కంతా దారి పొడవునా అక్కడక్కడ తగిలే నల్లరేగడితోనే. ఎండాకాలంలో బీటలు వారి రాయిలా ఉండే ఆ నేల రెండు వానలు పడగానే నీరు పీల్చి ఉబ్బుతుంది, టైరు గాళ్లలోకి ముద్దలుగా ఎక్కి గాళ్లే లేకుండా చేస్తుంది. ఆపైన నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందుతున్నా అవి ఉన్నచోటనే తిరిగి తమ గొయ్యి తామే తవ్వుకుంటాయి. తోడుగా రెండో బండి ఉంటే తాడు కట్టి లాగించుకోవచ్చు. నేను చాలాసార్లు ఇంటివాళ్లను తీసుకుని ఒంటి బండితో వెళతాను. పోయిన ఏడాది ఒక సాయంత్రం ట్రాక్టరు కోసం మూడు గంటలు చీకట్లో కూర్చున్నాక, ఇంటికి వచ్చీ రాగానే వించ్ ధరలు చూడడం మొదలుపెట్టాను.

ఎన్ని పౌండ్ల బరువు లాగే వించ్ కొనాలన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. బండి నిండు బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది మామూలుగా పాటించే లెక్క. కేటలాగులోని బరువు మీద ఆధారపడకుండా, చేవెళ్ల దగ్గరి ఒక ధర్మకాంటాలో నలుగురం కూర్చుని, ట్యాంకు నిండా డీజిల్‌తో, సామానంతా వెనక ఉండగా తూకం వేయించాను. 2,160 కిలోలు వచ్చింది. దానికి ఒకటిన్నర రెట్లంటే 3,240 కిలోలు. 9,500 పౌండ్ల వించ్ సుమారు 4,300 కిలోలు లాగుతుంది కాబట్టి కాగితం మీద కావలసినంత మిగులే ఉంది. బురద సంగతి వచ్చేసరికి లెక్క వేరుగా ఉంటుంది. దిగబడిన వాహనాలను బయటికి లాగడానికి అమెరికా సైన్యం వాడే మాన్యువళ్లలో ఒక కొలత ఉంది: చక్రాల లోతున దిగితే లాగడానికి బండి బరువంత బలం కావాలి, మడ్‌గార్డుల లోతున దిగితే రెండింతలు, క్యాబిన్ దాకా మునిగితే మూడింతలు. నా బండికి రెండింతలంటే 4,320 కిలోలు. వించ్ గరిష్ఠ బలం సరిగ్గా అక్కడే అయిపోతుంది.

ఆ గరిష్ఠ బలం కూడా ఎప్పుడూ దక్కేది కాదు. తాడు చుట్టుకునే డ్రమ్ము మీద ఒకే ఒక పొర తాడు మిగిలి ఉన్నప్పటి బలాన్నే పెట్టె మీద వేస్తారు. మోటారు తిప్పే బలం ఎప్పుడూ ఒక్కటే అయినా, తాడు పొరలు పొరలుగా చుట్టుకునే కొద్దీ చుట్ట లావెక్కి లాగే బలం పడిపోతుంది, నాలుగో పొరకు వచ్చేసరికి మూడో వంతుకు పైగా పోతుంది. చెట్టు పది మీటర్ల దూరంలోనే ఉందని సంబరపడి కొద్దిగా తాడు వదిలి లాగేవాళ్లు నిజానికి తమ వించ్‌లో మూడింట రెండు వంతులనే వాడుకుంటున్నారు. దీనికి విరుగుడు పుల్లీ బ్లాకు. తాడును చెట్టుకు కట్టిన పుల్లీ గుండా తిప్పి మళ్లీ బండికే తగిలిస్తే డ్రమ్ము మీది పొరలూ తగ్గుతాయి, లాగే బలమూ దాదాపు రెట్టింపవుతుంది, వేగం మాత్రం సగానికి పడిపోతుంది. ఒక దుకాణదారు 12,000 పౌండ్లది తీసుకోమని గట్టిగా పట్టుబట్టాడు. అది మరింత బరువు, మరింత కరెంటు తాగుతుంది. ఆ మిగిలిన డబ్బుతో మంచి పుల్లీ కొనడమే మేలనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

వించ్ విషయానికొస్తే, చైనాలో తయారై ఇక్కడి దిగుమతిదారు తన పేరు వేసి అమ్మే రకం తీసుకున్నాను. ఆర్థర్ వార్న్ 1948లో మొదలుపెట్టిన అమెరికా కంపెనీ వించ్‌లకు ఈ రంగంలో ఉన్న పేరు తెలియక కాదు, ధర నా చేతికి అందలేదు. నేను కొన్నదానిలో 12 వోల్టుల సిరీస్ వైండింగ్ (అయస్కాంతాల బదులు తీగచుట్టలు ఉండే) మోటారు, మూడు అంచెల ప్లానెటరీ గేర్లు, డ్రమ్ము లోపలే బ్రేకు, చేతితో తాడు వదులుకోవడానికి క్లచ్ లీవరు ఉన్నాయి. శాశ్వత అయస్కాంతపు మోటార్లు ఉన్నవి ఇంకొంచెం చౌకగా దొరుకుతాయి కానీ, బరువు ఎక్కువై లాగుడు సాగినకొద్దీ త్వరగా వేడెక్కుతాయి. రేగడి సంగతి తెలిసినవారు వాటి జోలికి పోకపోవడం మంచిది.

తాడు దగ్గర నేను వెనుకాడలేదు, పది మిల్లీమీటర్ల సింథటిక్ తాడే తీసుకున్నాను. స్టీలు తాడు చవక, రాయికి రాసుకున్నా ఓర్చుకుంటుంది. అయితే తెగిన పోగులు గ్లవ్స్‌ను దాటి అరచేతికి గుచ్చుకుంటాయి, లాగుతుండగా తెగితే అది విసిరికొట్టే దెబ్బ ప్రాణాంతకం. సింథటిక్ తాడు అందులో ఐదో వంతు బరువు కూడా ఉండదు, నీటిపై తేలుతుంది, తెగినా అంత దూకుడుగా వెనక్కి రాదు. దాని శత్రువులు వేరే. పదునైన రాతి అంచు, తాడు అల్లికలో చేరే ఇసుక, మన ఎండ, అన్నిటికంటే ముఖ్యంగా వేడి. ఈ రకం పోగు 150 డిగ్రీల లోపే కరుగుతుంది. బ్రేకు డ్రమ్ములోనే ఉండడంతో, బరువు మీద ఉన్న తాడును మోటారుతో వదులుతూ పోతే డ్రమ్ము కాలి తాడు అడుగు పొర దెబ్బతింటుంది. ఈ సంగతి అమ్మినవాడు చెప్పలేదు, బిగించిన ఉస్తాద్ చెప్పాడు. అతని ఖాతాలో ఇది మొదటి మార్కు.

బంపరు దగ్గర చట్టం అడ్డొస్తుంది. ముందుకు పొడుచుకొచ్చే ఇనుప క్రాష్ గార్డులపై చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ చేరి, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానిపై 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడే అవకాశం ఏర్పడింది. దాచిపెట్టి బిగించినా వించ్ మార్పే, ఆ చిక్కు తెలిసే నేను ఈ పని చేయించాను, చదివేవారూ తెలిసే చేయించుకోవాలి. నా మటుకు నేను పాదచారిని గాయపరిచే ఇనుప బంపరు వద్దనుకుని, కంపెనీ బంపరును మధ్యలో కొద్దిగా కోసి దాని వెనక చాసిస్‌కు బిగించే దాపు ప్లేటును ఎంచుకున్నాను. కంపెనీ ఇచ్చిన 41 డిగ్రీలకు పైబడిన అప్రోచ్ యాంగిల్ (ముందు భాగం నేలకు తగలకుండా ఎక్కగలిగే వాలు) కూడా దాదాపు అలాగే మిగిలింది. పెద్ద ఇనుప బంపరు పెట్టించి, గుట్ట ఎక్కేటప్పుడు చక్రం కంటే ముందు బంపరే నేలకు తగిలే బండ్లను చాలానే చూశాను.

మూడు వర్క్‌షాపులు తిరిగాను. మొదటిచోట బుల్‌బారు, ఎల్ఈడీ లైటు పట్టీ, వించ్ మూడూ కలిపి ఒకే ధర చెప్పి, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగితే దాన్ని ఆర్పేయవచ్చని భరోసా కూడా ఇచ్చారు. అక్కడ టీ కూడా తాగకుండా బయటికొచ్చాను. రెండోచోట పని బాగుంది కానీ రెండు నెలల దాకా తీరిక లేదన్నారు. మూడోది బాలానగర్ పారిశ్రామికవాడ సందుల్లో ఉన్నది. ఆ సందుల సౌలభ్యం ఏమిటంటే, ప్లేటు కోసే లేజర్ మిషను ఒక షెడ్డులో, వంచే ప్రెస్సు పక్క షెడ్డులో, పౌడర్ కోటింగు ఎదురు షెడ్డులో ఉంటాయి. ఎక్కడా సరుకు లారీ ఎక్కాల్సిన పని లేదు. యజమాని మాటకారి, ఉస్తాద్ మాత్రం అడిగినదానికి తప్ప నోరు తెరవడు. పాతికేళ్లుగా జీపుల పనే చేస్తున్నానని చెప్పాడు. అతను వంగి బండి ముందు భాగాన్ని చూసిన పద్ధతి చూసి అక్కడే ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. టార్చి వేసి ముందుగా చూసింది చాసిస్ కొసల్లోని వెల్డింగులను, ఆ తరువాతే బంపరును.

పని రెండు రోజులని చెప్పి మూడు రోజులు పట్టించారు. మొదటి రోజు ఉదయం బ్యాటరీ తీగలు విప్పి కొంతసేపు ఆగాకే బంపరు ఊడదీశారు. ఎయిర్‌బ్యాగ్ సెన్సరు వైరును గుడ్డ చుట్టి పక్కకు కట్టారు, దాని స్థానాన్ని ఎక్కడా మార్చలేదు. తరువాత అట్టపెట్టె ముక్కతో చాసిస్ కొసల మధ్య కొలతలు తీసి, అట్ట మీదే బోల్టు రంధ్రాలు గీశారు. ఈ తరగతి వించ్‌ల అడుగున నాలుగు బోల్టుల మధ్య దూరం పది అంగుళాలు, నాలుగున్నర అంగుళాలుగా స్థిరపడి ఉంటుంది, రేపు వేరే కంపెనీది కొన్నా ఇదే ప్లేటులో కూర్చుంటుంది. ఆరు మిల్లీమీటర్ల ప్లేటు, వంపుల దగ్గర త్రికోణపు ఆసరాలు, చాసిస్‌కు పట్టే చోట 10.9 గ్రేడు బోల్టులు. బోల్టు తలల మీది అంకెలను నేను ఒక్కొక్కటిగా చదువుకున్నాను. ఒకటి 8.8 దొరికింది, అంటే తక్కువ బలమున్నది. ఉస్తాద్ దాన్ని చూసి కుర్రవాడి వైపు ఒక చూపు చూశాడు, మాట్లాడకుండా విప్పి మార్చాడు. చివరన టార్క్ రెంచితో బిగించి, ప్రతి బోల్టు మీదా నట్టు మీదా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీశారు. బోల్టు వదులైతే ఆ గీత తప్పుతుంది. పదకొండు నెలల తరువాత కూడా గీతలన్నీ కలిసే ఉన్నాయి. ప్లేటు పని మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

తాడు చుట్టే దగ్గర కూడా వారి జాగ్రత్త నాకు నచ్చింది. కొత్త తాడును కార్ఖానాలో వదులుగా చుడతారు. అలాగే వాడితే బరువు పడినప్పుడు పై చుట్టు కింది చుట్లలోకి కోసుకుంటూ దిగి ఇరుక్కుపోతుంది. వీరు సందు చివర నిలిపి ఉన్న లారీకి తాడు కట్టి, దాదాపు అంతా వదిలి, నన్ను బండిలో కూర్చోబెట్టి బ్రేకు కొద్దికొద్దిగా నొక్కమని, వరుస తప్పకుండా తిరిగి చుట్టించారు. తాడు డ్రమ్ము అడుగు నుంచే లోపలికి వస్తోందో లేదో వంగి చూశారు. పైనుంచి చుట్టితే వించ్ లాగినట్టే కనిపిస్తుంది గానీ, బ్రేకు ఒక దిశలోనే పట్టుకుంటుంది కనుక వాలులో బండి వెనక్కి జారిపోతుంది. ఎప్పుడూ పది చుట్లు డ్రమ్ము మీద మిగల్చాలని చెప్పి, ఆ హద్దు దగ్గర తాడుకు ఎర్ర రంగు పూశారు.

ఇంత శ్రద్ధ చూపినవారు విద్యుత్తు పని దగ్గరికి వచ్చేసరికి ఎందుకో తొందరపడ్డారు. మూడో రోజు సాయంత్రమైంది, మరో బండి గేటు దగ్గర నిలబడి ఉంది, బహుశా అదే కారణం. ప్లస్ కేబులు బ్యాటరీ దాకా చక్కగా, గొట్టంలో దూర్చి తెచ్చారు. కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే ఎర్త్ కేబులును మాత్రం మోటారు నుంచి అరమీటరు లాగి, వించ్ ప్లేటుకే ఒక బోల్టుతో బిగించారు. బ్యాటరీ మైనస్ దాకా ఎందుకు తేలేదని అడిగాను. “చాసిస్ మొత్తం ఎర్తే కద సార్, గింత కేబుల్ దండగ ఎందుకు?” అన్నాడు ఎలక్ట్రీషియన్. అతని మాటలో తర్కం ఉందనిపించి ఊరుకున్నాను. ఐసోలేటర్ స్విచ్ పెట్టమంటే అది ఎక్స్‌ట్రా అన్నారు. అక్కడ మాత్రం పట్టుబట్టి పెట్టించాను. వందల ఆంపియర్లు మోసే కేబులు ఎప్పుడూ ప్రాణంతో బండి ముక్కులో ఉండి, ఎదురు గుద్దుకున్నప్పుడు నలిగితే మంటలు రావడానికి అంతకంటే ఏం కావాలి? వించ్ వాడనప్పుడు దానికి కరెంటు లేకుండా చేసే స్విచ్ ఎక్స్‌ట్రా ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇరవై రోజుల తరువాత, చేవెళ్ల దాటాక ఒక పత్తి చేను పక్క బండిదారిలో ఎడమవైపు రెండు చక్రాలూ దిగబడ్డాయి. బురద ఇరుసుల దాకా వచ్చింది. ముప్పై అడుగుల దూరంలో వేపచెట్టు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లను చూసి పెరిగిన మనకు చెట్టు బెరడు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, తాడు నేరుగా చుట్టకుండా మూడంగుళాల వెడల్పు పట్టీ వేసి, షాకిల్ (పట్టీకి తాడును కలిపే ఇనుప కొక్కెం) తగిలించి, తాడు మధ్యలో దుప్పటి వేసి, ఇంటివాళ్లను దూరంగా నిలబెట్టాను. ఇంజిను 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి రిమోట్ నొక్కాను. బండి ఒక అడుగు కదిలింది. తరువాత మోటారు గొంతు మారింది. గీరుమనే శబ్దం మెల్లగా మూలుగులోకి దిగి, డ్రమ్ము ఆగిపోయింది. రిమోట్ వదిలి ముందుకు వెళితే కాలిన రంగు వాసన వచ్చింది. వించ్ మోటారు మీద చేయి వేశాను, గోరువెచ్చగా ఉంది. ఎర్త్ బోల్టు మీద వేలు ఆనించి వెంటనే తీసేయాల్సి వచ్చింది.

బండిలో మల్టీమీటరు ఉండడం ఆ రోజు అదృష్టం. మా తమ్ముణ్ణి రిమోట్ నొక్కమని చూస్తే, బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులున్నాయి, మోటారు రెండు కొసల మధ్య 8.9 మాత్రమే. మూడున్నర వోల్టులకు పైగా దారిలో ఎక్కడో ఆవిరైపోతున్నాయి. లెక్క సులువే. ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉన్న చోటు గుండా 300 ఆంపియర్లు వెళితే మూడు వోల్టులు పోతాయి, ఆ ఒక్క బోల్టు దగ్గరే 900 వాట్ల వేడి పుడుతుంది. అంటే ఒక ఇస్త్రీపెట్టె. బోల్టు విప్పి చూస్తే లగ్గు (కేబులు కొసన ఉండే లోహపు బిళ్ల) కింద నల్లని పౌడర్ కోటింగు చెక్కుచెదరకుండా ఉంది, బోల్టు మీది మర గాళ్ల చుట్టూ మాత్రం గోధుమరంగులో బుడగలు లేచింది. అంత కరెంటూ రంగు మీద నుంచి దారి లేక, సన్నని ఆ మర గాళ్ల గుండా పోవలసి వచ్చింది. ప్లేటుకు వేసిన రంగు ఎంత మంచిదో ఎర్త్‌కు అంత చెడ్డది!

పత్తి చేనులో ఉన్న పెద్దాయన అప్పటికి పక్కకు వచ్చి నిలబడ్డాడు. “ట్రాక్టర్ తోల్కరమ్మంటవా బిడ్డా?” అని అడిగాడు. పది నిమిషాలు చూద్దామన్నాను. మరో బండి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చుకునే జంపర్ కేబుల్ ఒకటి తీసి, మోటారు ఎర్త్ కొస నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కు తగిలించాను. పుల్లీ వేసి తాడును రెండు మడతలు చేశాను. ఈసారి మోటారు గొంతు తగ్గలేదు. అరనిమిషం లాగడం, రెండు నిమిషాలు ఆగడం, ఇలా ఆరు విడతల్లో బండి గట్టు మీదికి వచ్చింది. వించ్ మోటారు ఫ్యానులా గంటలకొద్దీ తిరగడానికి చేసింది కాదు, బరువు మీద లాగినంతసేపటి కంటే విశ్రాంతి ఎక్కువ ఇవ్వాలి. పెద్దాయన బండిని వదిలి తాడునే ముట్టుకుని చూశాడు. “గింత సన్నగున్నది, గిది గుంజిందా?” అన్నాడు.

మరుసటి వారం వర్క్‌షాపుకు వెళ్లాను. యజమాని మొదట వించ్ నాసిరకమన్నాడు, తరువాత బ్యాటరీ పాతదన్నాడు. ఇక్కడే నాకు నిజంగా కోపం వచ్చింది. మీటరు తీసి, అదే లారీకి తాడు కట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి, రిమోట్ ఉస్తాద్ చేతికే ఇచ్చి అంకెలు చదవమన్నాను. అతను రెండుసార్లు చదివాడు. తరువాత ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, బ్లేడుతో లగ్గు కింద రంగు గీకి చూపించాడు. ఆ గంటలోనే 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు తెప్పించి మోటారు నుంచి బ్యాటరీ మైనస్ దాకా వేశారు. లగ్గులను సుత్తితో కొట్టి కాక హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కారు. కేబులు కొనేముందు ఉస్తాద్ తానే దాని కొస గీకి చూశాడు, రాగి పూత పూసిన అల్యూమినియం కేబులు కూడా అదే మందంలో, అదే రంగులో బజారులో దొరుకుతుంది, లోపల తెల్లగా కనిపిస్తే అదే. తిరిగి కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.5, మోటారు దగ్గర 11.7. కూలీ తీసుకోలేదు, కేబులు డబ్బు మాత్రం తీసుకున్నారు. నా లెక్కలో అది కూడా వారే భరించాల్సింది, ఎందుకంటే ఆ పొడవు కేబులు మొదట్లోనే బిల్లులో ఉండాల్సింది. ఆ మాట చెప్పాను. యజమాని నవ్వి టీ తెప్పించాడు.

మిగిలిన చిన్నాచితకా సంగతులు. క్లచ్ లీవరు కోసం బంపరులో కోసిన సందు నా చేతికి సరిపోయింది గానీ గ్లవ్స్ వేసుకున్న చేతికి సరిపోలేదు, మరో వేలెడు వెడల్పు చేయించాను. మొదట నంబరు ప్లేటును తాడు బయటికి వచ్చే హాస్‌కు అడ్డంగా పెట్టారు, అలా ఉంటే తాడు లాగిన ప్రతిసారీ దాన్ని విప్పాలి, అదీ గాక ప్లేటు వంగి అంకెలు కనిపించవు. పక్కకు, బంపరు మీది చదునైన చోటికి మార్పించాను. వించ్, ప్లేటు కలిపి 50 కిలోలకు పైగా ముందు భాగం మీద పడడంతో బండి ముక్కు 16 మిల్లీమీటర్లు కిందికి దిగింది. నడకలో తేడా చెప్పుకోదగినంత లేదు, హెడ్‌లైట్ల ఎత్తు మాత్రం సరిచేయించుకోవాల్సి వచ్చింది. రేడియేటరుకు వెళ్లే గాలికి వించ్ కొంత అడ్డమే, మే నెలలో ఏసీ వేసుకుని అనంతగిరి ఘాట్ ఎక్కినప్పుడు ఉష్ణోగ్రత సూచిక మీదే ఒక కన్ను వేసి ఉంచాను, అది మధ్య గీత దాటలేదు. బీమా కంపెనీకి తెలియజేసి, ఎలక్ట్రికల్ ఉపకరణాలకు వర్తించే ఐఎంటీ-24 ఎండార్స్‌మెంటు రాయించుకున్నాను. చెప్పకుండా దాచి, రేపు క్లెయిము వేళ వాదించుకోవడం నాకు ఇష్టం లేదు. వించ్ వల్ల విద్యుత్తు భాగాలు పాడైతే కంపెనీ వారంటీ ఇవ్వకపోవచ్చని సర్వీసు సెంటరువారు ముందే చెప్పారు.

ఖర్చు సంగతి. వించ్ 46,500 రూపాయలు, ప్లేటు, కోటింగు, బిగింపు కూలీ కలిపి 24,000, ఐసోలేటరు 1,800, తరువాత వేయించిన కేబులు 2,200. మిగతా సామాను రాణిగంజ్‌లో, క్రేనులకు, లిఫ్టింగ్ పనులకు సరుకు అమ్మే దుకాణాల్లో కొన్నాను. 4.75 టన్నుల షాకిళ్లు రెండు, చెట్టు పట్టీ, పుల్లీ బ్లాకు, గ్లవ్స్ కలిపి 9,000 లోపే అయ్యాయి. ఆఫ్‌రోడ్ సామాను అని బోర్డు పెట్టిన చోట ఇవే వస్తువులు రంగు రంగుల డబ్బాల్లో రెట్టింపు ధరకు చూశాను. రాణిగంజ్‌లో కొనేటప్పుడు షాకిల్ మీద బరువు అంకె అచ్చుగుద్ది ఉందో లేదో చూసుకోవాలి, అంకె లేనిది ఎంత లావుగా ఉన్నా గేటుకు గొళ్లెంగా తప్ప పనికిరాదు.

గత నెల మా బావమరిది తన థార్‌కు కూడా వించ్ బిగించుకోవాలన్నాడు. అదే వర్క్‌షాపుకు పంపాను. ప్లేటు పనిలో నాకు తెలిసి ఈ చుట్టుపక్కల వారికి సాటి వచ్చేవారు తక్కువ. అయితే అతని చేతికి ఒక మల్టీమీటరు ఇచ్చి, మోటారు దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయో లారీకి కట్టి లాగిస్తూ చూసుకునేదాకా డబ్బు పూర్తిగా ఇవ్వవద్దని చెప్పి పంపాను. అతను మీటరు బయటికి తీయకముందే ఉస్తాద్ కేబులు చుట్ట తెచ్చి ముందు పెట్టి, “మీ బావ థార్ సారే కదా” అన్నాడట.